విడిగా ఉంటున్నాం, ఇంటి ఈఎంఐ, పాప ఖర్చు రెండూ నా మీదే. ఎలా?

ఎనిమిది నెలలుగా నేనూ నా భార్యా విడిగా ఉంటున్నాం. మియాపూర్‌లో ఫ్లాట్ ఇద్దరి పేరు మీదా ఉంది, లోనూ జాయింటే. జీతం చేతికి 78 వేలు. ఈఎంఐ 34, నా గది అద్దె 11, పాపకి 15 వేలు పంపుతున్నా. మొన్న మెయింటెనెన్స్ (భరణం) కేసు నోటీసు వచ్చింది. కొన్నాళ్లు ఈఎంఐ ఆపేస్తే ఏమవుతుంది?

జవాబు 1:
ఆపొద్దు బ్రో. మీ గొడవతో బ్యాంకుకి పని లేదు, జాయింట్ లోన్ అంటే మొత్తం ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చు, సిబిల్ (క్రెడిట్ స్కోరు) ఇద్దరిదీ పోతుంది. బ్రాంచికెళ్లి లోన్ గడువు పెంచమని అడగండి, మొత్తం వడ్డీ ఎక్కువవుతుంది కానీ ఈఎంఐ తగ్గి నెలనెలా ఊపిరాడుతుంది.

జవాబు 2:
రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. లోన్ స్టేట్‌మెంట్ అందులో పెట్టండి. కానీ ఈఎంఐ చూపించి పాప డబ్బు తగ్గించేస్తారని మాత్రం లెక్కలేసుకోకండి. ఇంకోటి, మెయింటెనెన్స్ దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్క, అంటే తీర్పు వచ్చేసరికి బకాయి పేరుకుపోయి ఉంటుంది. ఇప్పుడు పంపేది బ్యాంకు ద్వారానే పంపండి, చేతికిచ్చిన దానికి సాక్ష్యం ఉండదు.

జవాబు 3:
అన్నా, నేను అవతలి వైపు మనిషిని. మా ఆయన కూడా ఈఎంఐ ఈఎంఐ అంటూనే జూన్‌లో బాబు ఫీజు ఎగ్గొట్టాడు, నేను గాజులు తాకట్టు పెట్టాను. ఆ ఫ్లాట్‌లో ఎవరున్నారు ఇప్పుడు?

అడిగినవారు:
ఎవరూ లేరక్కా. తాళం వేసి ఉంది.

జవాబు 3:
మరి అద్దెకివ్వకుండా ఏం చేస్తున్నారు ఇద్దరూ!