మాగ్నమ్ రివాల్వర్: గుళ్లన్నీ గురికి కిందే పడుతున్నాయి

మాది బొబ్బిలి. డల్లాస్‌లో మా అబ్బాయి తుపాకీ కాల్చే రేంజ్‌కి తీసుకెళ్లి .44 మాగ్నమ్ చేతిలో పెట్టాడు. మొదటి గుండుకే గొట్టం నుదురెత్తు లేచింది, బొటనవేలి మొదలు చురుక్కుమంది. ఎంత ఆనందమో! కానీ మూడో గుండు నుంచి చెయ్యి ముందే బిగుసుకుపోతోంది. శనివారం మళ్లీ వెళ్తాం. ఏం చెయ్యాలి?

జవాబు: మాస్టారూ, అదే రివాల్వర్‌లో .44 స్పెషల్ గుళ్లు పడతాయి, వెనక్కి తన్నడం చాలా తక్కువ. వాటితో మొదలెట్టండి. మీకు తెలియకుండా గుళ్లు పెట్టే సిలిండర్‌లో ఒకటి రెండు గదుల్లో పేలిపోయిన ఖాళీ తూటాలు పెట్టమనండి. సుత్తి ఖాళీ మీద పడ్డప్పుడు గొట్టం కిందకి దిగితే తప్పు మీకే కనబడుతుంది.

జవాబు: సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందులోంచి వేడి గ్యాస్ చిమ్ముతుంది. అక్కడ వేలు పెట్టకండి, జాగ్రత్త.

బొబ్బిలి: వెళ్లొచ్చాను! ఖాళీ తూటాకి గొట్టం నిజంగానే కిందకి దిగింది. ఆఖరి ఆరు గుళ్లలో నాలుగు నల్లచుక్కలో పడ్డాయి. ఆ గురి కాగితం ఊరికి తెస్తున్నాను.