మెట్రిక్ అవగానే కుర్రాడిని గురువిద్యాలయానికి (ఫాదర్‌లను తయారుచేసే సెమినరీకి) పంపమంటున్నారు. మీరైతే పంపుతారా?

వంశధార_ఒడ్డు (గుణుపురం)

అందరికీ వందనాలు. మా అక్క కొడుకు ఈ ఏడు మెట్రిక్ రాశాడు. పాస్కా (ఈస్టర్) కాలం నాలుగో ఆదివారం, అదే మంచి కాపరి ఆదివారం, మా విచారణలో (పారిష్‌లో) దైవపిలుపుల కోసం పూజ పెట్టారు. 1964లో ఆరో పౌలు పోపుగారు మొదలుపెట్టిన రోజు కదా, ఏటా చేస్తాం. ఈసారి పూజ అయ్యాక ఫాదర్ గారు పిల్లల్ని ముందుకు పిలిచి "గురువు కావాలని ఎవరికుంది?" అని అడిగారు. మావాడు చెయ్యెత్తాడు. ఇంకెవ్వరూ ఎత్తలేదు. అంతే, గుడంతా చప్పట్లు.

ఆ రోజు నుంచి వాడిని వీధిలో అందరూ "చిన్న ఫాదర్ గారూ" అనే పిలుస్తున్నారు. టీ కొట్టు ఆయన కూడా. ఆయన క్రైస్తవుడే కాదు.

అక్క సంతోషంలో ఉంది. బావకి ఒక్కడే కొడుకు, పైన ఇద్దరు ఆడపిల్లలు. అవునని అనడు, కాదని అనడు. అన్నం తిని లేచి పోతున్నాడు. జూన్‌లోనే చేర్చాలట.

రెండు విషయాలు అడుగుతున్నాను. పదిహేనేళ్ళ వాడు చెయ్యెత్తితే దాన్ని పిలుపు అనుకోవచ్చా? పంపితే ఎటు పంపాలి, మా ఒడిశా వైపా, ఆంధ్రా వైపా?

జపమాల_అమ్మ (బరంపురం)

బాబూ, బైబిల్లో దేవుడు సమూయేలుని పిలిచినప్పుడు అతని వయసెంత? గుడిలో పడుకునే పిల్లాడు. అక్కడి యాజకుడు ఏలీకి వయసుంది, అనుభవం ఉంది, కానీ పిలుపు వినబడింది పిల్లాడికే.

మా పుట్టినూరు కొండ దిగువన. అక్కడ నెలకి ఒకసారి పూజ. మిగతా ఆదివారాలు ఉపదేశి గారే ప్రార్థన నడుపుతారు. మా నాన్నగారు పోయింది వర్షాకాలంలో. ఫాదర్ గారు వాగు దాటి రాలేకపోయారు. అవస్థాభ్యంగనం (చావుకి ముందు ఫాదర్ గారు నూనె పూసి చేసే ప్రార్థన) లేకుండానే పోయారాయన. ఇప్పటికీ ఆ సంగతి నా గొంతులో ముల్లులా ఉంది. మన పిల్లల్ని మనమే పట్టి ఉంచుకుంటే ఇక ఎవరొస్తారు మనకి? పంపండి.

రాయగడ_మిల్లుకాలనీ

అమ్మా, మీ బాధ నిజం. కానీ ఒక్క మాట. ఆ చెయ్యెత్తే పిల్లలు ఎవరింటి పిల్లలో గమనించారా? మా కాలనీలో క్వార్టర్లు ఉన్న ఇళ్ళ నుంచి ఒక్కడు వెళ్ళడం నేను చూడలేదు. వెళ్ళేదంతా లైన్ బస్తీ పిల్లలు. హాస్టల్ ఉచితం, ఇంగ్లీషు వస్తుంది, డిగ్రీ అవుతుంది. తల్లిదండ్రులకి అది పిలుపులా వినబడుతుంది, పిల్లాడికి అది బెర్తు దొరికినట్టు ఉంటుంది. దీన్ని ప్రోత్సాహం అంటే ఎలా?

పర్లాకిమిడి_మాస్టారు

మిల్లుకాలనీ గారూ, పేదింటి నుంచి వెళ్తే పిలుపు కాకుండా పోదు. పూల ఆంథోనీ గారు కర్నూలు జిల్లా పోలూరులో పేద ఇంట్లో పుట్టినవారే. 2022లో కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటి కార్డినల్, దళితుల్లోనూ మొదటివారు. కడుపు నిండినవాడి పిలుపే నిజమనుకుంటే ఆయన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) అయ్యేవారా?

అయితే వయసు విషయంలో నేను అమ్మగారితో ఏకీభవించను. శ్రీసభ (కాథలిక్ చర్చి) చట్టం చూడండి, 1983 నాటిది. గురుపట్టం పొందాలంటే 25 ఏళ్ళు నిండాలి. సన్యాస సభల్లో నవసన్యాసంలో (మొదటి శిక్షణలో) చేరాలంటే 17 నిండాలి. తత్వశాస్త్రం, దైవశాస్త్రం కలిపి ఆరేళ్ళు. 2016లో రోమ్ నుంచి వచ్చిన నియమాల ప్రకారం వీటికి ముందు సన్నాహ కాలం కనీసం ఏడాది ఉండాలి. మధ్యలో ప్లస్ టూ, డిగ్రీ వేసుకోండి. మెట్రిక్ నుంచి లెక్కపెడితే పన్నెండు పదమూడేళ్ళు పడుతుంది. ఇంత నిదానంగా చూసుకునే శ్రీసభకి లేని తొందర మన జూన్ అడ్మిషన్‌కి ఎందుకు?

చిన్నపిల్లల గురువిద్యాలయాలు ఉండకూడదని నేననను. చట్టమే వాటిని కాపాడుకోమంది. కానీ అదే చట్టంలో 219వ నిబంధన ఉంది. ఎవరూ ఏ జీవితాన్నీ బలవంతం మీద ఎంచుకోకూడదు అని. చప్పట్లు కూడా ఒక రకం బలవంతమే అంటాను నేను.

జపమాల_అమ్మ (బరంపురం)

దేవుడు నిబంధన నంబరు చూసి పిలవడు మాస్టారూ.

మధ్యలో_వచ్చేసినోడు

ఈ చర్చలో మాట్లాడకూడదు అనుకున్నాను. కానీ చప్పట్ల మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

నేను పదహారేళ్ళకి వెళ్ళాను. ఏ పీఠమో (డయోసిస్), ఎక్కడో చెప్పను, అక్కడి వాళ్ళ తప్పేం లేదు. వెళ్ళే ముందు ఆదివారం గుడి ముందు ఫ్లెక్సు కట్టారు. నా పాస్‌పోర్టు ఫొటో పెద్దది చేస్తే ముఖం గళ్ళు గళ్ళుగా వచ్చింది. శాలువా కప్పారు. ఊళ్ళో ఇంటికి పది, ఇరవై వేసి రేకు పెట్టె కొనిచ్చారు, నీలం రంగుది, మూత మీద తెల్ల పెయింటుతో నా పేరు, దాని ముందు చిన్నగా "బ్రదర్" అని. బస్సు కదులుతుంటే మా అమ్మ ఏడవలేదు. అందరూ చూస్తున్నారు కదా.

అక్కడ బాగానే చూశారు. తెల్లవారుజామున అయిదింటికి గంట, ధ్యానం, పూజ, చదువు, సాయంత్రం ఫుట్‌బాల్. రెండో ఏడాదికి నాకు అర్థమైంది, నాకు ఇష్టమైంది ఫుట్‌బాల్, పాటలు, ఆ నలుగురు స్నేహితులు అని. అక్కడి పెద్ద, రెక్టర్ గారితో చెప్పాను. ఆయన తిట్టలేదు. "ఇది తెలుసుకోడానికే కదరా ఇక్కడికి వచ్చావు" అన్నారు. అంత మంచి మాట నాకు ఆ తర్వాత ఎవ్వరూ చెప్పలేదు.

రాత్రి ప్యాసింజర్‌లో వచ్చాను, పగలు దిగితే జనం చూస్తారని. పెట్టె మీద పేరు కనబడకుండా దుప్పటి కప్పాను. మా నాన్న తలుపు తీసి నన్ను చూడలేదు, నా వెనక వీధిలోకి చూశాడు, ఎవరైనా లేచి ఉన్నారేమో అని. ఆరు నెలలు గుడికి పోలేదు. వెళ్ళినరోజు చూస్తే నా ఫ్లెక్సు గుడి వెనక సైకిల్ షెడ్డుకి పైకప్పుగా కట్టి ఉంది, నా ముఖం కిందికి.

ఇప్పుడు నాకు పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, గుడి భక్త సంఘం మరియదళంలో ఉన్నాను. దేవుడి మీద కోపం లేదు, రెక్టర్ గారి మీద లేదు. ఆ శాలువా కప్పినవాళ్ళ మీదే కొంచెం ఉంది. వాళ్ళకి రూపాయి ఖర్చు లేదు, నాకు ఆరు నెలల సిగ్గు మిగిలింది.

వంశధార అన్నా, మీ అల్లుడిని పంపు. పంపొద్దని నేను అనట్లేదు. కానీ బస్సు ఎక్కే రోజున మీ బావ వాడితో "నచ్చకపోతే పట్టపగలే వచ్చేయ్" అనగలడేమో అడుగు.

రాయగడ_మిల్లుకాలనీ

తమ్ముడూ, ఇది చదివి కాసేపు ఏం రాయాలో తెలియలేదు. నేను హాస్టల్, ఉచితం అని మాట్లాడాను. నువ్వు చెప్పింది వేరే.

జయపురం_చెల్లి

అందరూ అబ్బాయిల గురించే రాస్తున్నారు. మా అక్క సిస్టరమ్మ అయింది. ఇరవై ఒకటికి వెళ్ళింది, డిగ్రీ చేసి. అయినా ఊళ్ళో ఏమన్నారో తెలుసా? "కట్నం ఇవ్వలేక మఠానికి తోలేశారు" అని. శాలువాలు అబ్బాయిలకే. ఆడపిల్లకి గుసగుసలు.

డబ్బు సంగతి ముందే తెలుసుకుని పంపాలి. మా అక్క ఎయిడెడ్ బడిలో టీచరు. జీతం ఆమె పేరు మీద వచ్చినా సభకే వెళ్తుంది, పేదరికం మాటపట్టు (సొంత ఆస్తి వద్దనే ప్రమాణం) ఉంది కదా. 2024 నవంబరులో సుప్రీం కోర్టు అలాంటి జీతాల్లోనూ పన్ను పట్టుకోవాల్సిందే అంది, అప్పుడు మా ఇంట్లో కూడా పెద్ద చర్చ. మా అమ్మకి మోకాలి ఆపరేషన్ అయితే అక్క వచ్చి పదిరోజులు సేవ చేసింది, డబ్బు మాత్రం నేనూ మా ఆయనా సర్దాం. నాకు కష్టంగా లేదు, ముందే తెలుసు కాబట్టి. తెలియకుండా పంపినవాళ్ళు తర్వాత సణుగుతారు.

ఇంకోటి. నవసన్యాసం ఏడాది, తర్వాత తాత్కాలిక మాటపట్టు మూడు నుంచి ఆరేళ్ళు, ఆ తర్వాతే నిత్య మాటపట్టు. తాత్కాలిక గడువు అయ్యాక ఎవరైనా వెళ్ళిపోవచ్చు. అది పారిపోవడం కాదు, చట్టం ఇచ్చిన దారే. వెళ్ళేవాళ్ళు అక్కడ చేసిన పనికి డబ్బు అడగలేరు, కానీ సభ వాళ్ళని న్యాయంగా, ప్రేమగా చూడాలని కూడా రాసి ఉంది. రెండో ముక్క ఎవరూ చదవరు.

పర్లాకిమిడి_మాస్టారు

జయపురం అమ్మాయి చెప్పినదానికి ఒక సవరణ. అది సభల్లో చేరేవాళ్ళకి. పీఠ గురువులకి, అంటే సభల్లో చేరకుండా ఒక పీఠాధిపతి (బిషప్) కింద పనిచేసేవాళ్ళకి, పేదరికం మాటపట్టు ఉండదు, బ్రహ్మచర్యం, పీఠాధిపతికి విధేయత ఉంటాయి. సొంత డబ్బు ఉంచుకోవచ్చు, ఇంటికి కొంత పంపొచ్చు. ఒక్కడే కొడుకు అన్నారు కాబట్టి మీ బావగారికి ఇది చెప్పండి. ఆయన మౌనం ఇందుకే అయ్యుండొచ్చు.

కాశీనగర్_కుర్రాడు

రెండో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. నేనిస్తాను.

పీఠ గురువు ఏ పీఠంలో చేరితే మామూలుగా జీవితాంతం ఆ పీఠానికే. గంజాం, గజపతి జిల్లాలు బరంపురం పీఠం, 1974 నుంచి. రాయగడ పీఠం 2016లో దాని నుంచి విడిపోయింది, మీ గుణుపురం అందులోకే వస్తుంది. రెండింటిలో పని ఒడియాలో, కొండల్లో సవర, కువి భాషలు కూడా కావాలి. అవతల శ్రీకాకుళం పీఠం 1993ది, అక్కడ తెలుగు. మీవాడు ఏ మీడియం? ఒడియా మీడియం అయితే ఇక్కడే సుఖం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయితే శ్రీకాకుళంలో తెలుగు దివ్యగ్రంథం చదవడానికే ఏడాది పడుతుంది, మా అన్నకి అదే జరిగింది. గుణింతాల దగ్గర మొదలెట్టాడు, పద్దెనిమిదేళ్ళకి.

ఇంకో వైపు చూస్తే, ఇక్కడి తెలుగు ముసలమ్మలు ఒడియాలో పాపసంకీర్తనం (ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చెయ్యలేక ఏడాదికోసారి రైలెక్కి అవతలికి పోతున్నారు. మా నానమ్మ పలాస వరకు పోయేది. ఫాదర్ గారికి తెలుగు కాస్త వచ్చు, కానీ ఆవిడ "ఆ కాస్తతో నా పాపాలు సరిపోవు" అనేది. మన పిల్లలే ఈ వైపు పీఠంలో చేరితేనే ఆ బాధ తీరేది.

జపమాల_అమ్మ (బరంపురం)

ఈ కుర్రాడి నానమ్మ మాట నాకు నచ్చింది. మధ్యలో వచ్చేసిన బాబూ, నీ సంగతి చదివి నా మొదటి పోస్టు మళ్ళీ చదువుకున్నాను. పంపమనే అంటాను ఇప్పటికీ. మా పుట్టినూళ్ళో ఒక కుర్రాడు ఇలాగే తిరిగొచ్చాడు, నేనూ అతన్ని చూసి ముఖం తిప్పుకున్నదాన్నే. ఈసారి వెళ్ళినప్పుడు ఇంటికెళ్ళి పలకరిస్తాను.

వంశధార_ఒడ్డు (గుణుపురం)

అందరికీ థాంక్స్. ఏం జరిగిందో చెప్పి ముగిస్తాను.

మాస్టారి మాట బావకి చెప్పాను. డబ్బు సంగతి కాదన్నాడు. తర్వాత మధ్యలో వచ్చేసిన తమ్ముడి పోస్టు ఫోన్లో చదివి వినిపించాను. పెట్టె మీద దుప్పటి దగ్గరికి వచ్చేసరికి లేచి పెరట్లోకి పోయాడు. అరగంటకి వచ్చి వాడిని పిలిచి, మొదటిసారి, తిన్నగా అడిగాడు: "ఎవరూ చప్పట్లు కొట్టకపోతే చెయ్యెత్తేవాడివా?" వాడు చాలాసేపు ఆలోచించి "ఎత్తేవాణ్ణి, కానీ భయం వేసేది" అన్నాడు.

ఫాదర్ గారితో మాట్లాడాం. ఆయన కోపగించుకోలేదు, నిజానికి ఆయనకే ఊరట అయినట్టుంది. ఈ సెలవుల్లో పదిరోజుల "కమ్ అండ్ సీ" క్యాంపుకి వెళ్ళి వస్తాడు. ప్లస్ టూ గుణుపురంలోనే, తెలుగు అక్షరాలు మా అమ్మ నేర్పుతుంది. అప్పటికీ అదే మాట మీద ఉంటే బావే తీసుకెళ్ళి దింపుతానన్నాడు. ఎటు అన్నది అప్పుడు చూద్దాం.

ఫ్లెక్సు మాత్రం వద్దన్నాను. అక్క అప్పటికే రెండొందలు అడ్వాన్స్ ఇచ్చేసిందట. కొట్టువాడు డబ్బు వెనక్కి ఇవ్వనన్నాడు, దాని బదులు మా అమ్మాయి పుట్టినరోజుకి వేయించుకోమన్నాడు.