కీరవాణిలో స్ట్రింగ్స్ ముక్క: వర్చువల్ వయొలిన్లు హార్మోనియంలా ఎందుకు మోగుతున్నాయి?

తంత్రీనాదం అడిగారు:

షార్ట్ ఫిల్మ్ చివరి సీనుకి నిమిషంన్నర స్ట్రింగ్స్ ముక్క రాస్తున్నాను. కీరవాణి రాగం, షడ్జం డి, 60 బీపీఎం (నిమిషానికి 60 బీట్లు), 4/4, మొత్తం 24 బార్లు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో సినిమాటిక్ స్టూడియో స్ట్రింగ్స్ అనే శాంపిల్ లైబ్రరీ (నిజమైన వాద్యాల రికార్డింగులతో చేసిన వర్చువల్ వాద్యం) వాడుతున్నాను. కార్డ్స్ అన్నీ ఎన్సెంబుల్ ప్యాచ్ (అన్ని సెక్షన్లూ కలిసి మోగేది) మీద ఎడమ చేత్తో, మెలొడీ ఫస్ట్ వయొలిన్స్ మీద కుడి చేత్తో వాయించి క్వాంటైజ్ చేశాను (స్వరాలను సరిగ్గా బీటు మీదికి సర్దాను). ట్యూన్ బాగానే ఉంది కానీ కార్డ్స్ హార్మోనియంలా మోగుతున్నాయి. మెలొడీ తాళానికి వెనకబడుతోంది. గమకాల కోసం పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ వంచే వీల్) వాడితే అస్సలు అతకడం లేదు. రివర్బ్ (ప్రతిధ్వని) మారిస్తే సరిపోతుందా?

మంద్రం:

రివర్బ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు రాసిన తీరు మారాలి.

మీ లైబ్రరీలో ఫస్ట్ వయొలిన్స్ 10, సెకండ్ 7, వయోలాలు 7, చెల్లోలు 6, బాస్‌లు 5. ఒక్క సెక్షన్ ప్యాచ్ మీద మూడు స్వరాల కార్డ్ నొక్కితే ఆ సెక్షన్ మూడింతలవుతుంది. పైగా మూడు స్వరాలూ ఒకేసారి మొదలై, ఒకేసారి ఆగి, ఒకే మాడ్ వీల్ (నాదం తీవ్రతను మార్చే చక్రం) గీత మీద పెరిగి తగ్గుతాయి. మీకు వినిపిస్తున్న హార్మోనియం అదే. ఎన్సెంబుల్ ప్యాచ్ తీసేసి ఐదు ట్రాకులు పెట్టండి. ఒక్కో ట్రాకులో ఒక్కో స్వరం, విడిగా వాయించాలి.

అమరిక కింద వెడల్పుగా, పైకి వెళ్లేకొద్దీ దగ్గరగా ఉండాలి. మిడిల్ సి ని సి4 అనుకుంటే, డి మైనర్‌కి వినిపించే స్వరాలు ఇవి: బాస్ డి2, చెల్లో ఎ2, వయోలా ఎఫ్3, సెకండ్స్ డి4, ఫస్ట్స్ ఎ4. కింద ఎఫ్2, ఎ2 పక్కపక్కన పెడితే ఎంత ఈక్యూ (పౌనఃపున్యాల సర్దుబాటు) చేసినా గజిబిజి పోదు.

ఇక భావం పుట్టేది ఇక్కడ. డి మైనర్ నుంచి ఎ మేజర్‌కి వెళ్లేటప్పుడు అన్ని గొంతులూ ఒకేసారి కదలకూడదు. బాస్ ఎ1కి దిగుతుంది, వయోలా ఎఫ్3 నుంచి ఇ3కి వస్తుంది, చెల్లో, ఫస్ట్స్ అలాగే ఉంటాయి. సెకండ్స్ మాత్రం షడ్జాన్ని వదలకుండా కొత్త కార్డ్ మీదికి పట్టుకొచ్చి, రెండు బీట్లు ఆగి, కాకలి నిషాదానికి, అంటే సి షార్ప్‌కి దిగాలి. ఆ రెండు బీట్ల రాపిడే గుండెను పట్టేది. కార్డ్ మారే బీటు మీద సెకండ్స్ మాడ్ వీల్ కొంచెం పెంచి, దిగేటప్పుడు తగ్గించండి. ప్రతి కార్డుకీ ఇలా చేస్తే పదును పోతుంది. 24 బార్లలో మూడు నాలుగు చోట్లు చాలు.

మెలొడీ మొదటి సగం చెల్లోలకి ఇచ్చి చూడండి. ఎ3 నుంచి ఎ4 దాకా చెల్లో పై తీగ మీద పలికే స్వరంలో ఒక బిగువు ఉంటుంది, వయొలిన్‌కి అదే ఎత్తులో అది రాదు. అప్పుడు వయొలిన్ల ప్రవేశం కూడా ఒక సంఘటన అవుతుంది.

బోగీత:

మెలొడీ వెనకబడటానికి కారణం లెగాటో, అంటే స్వరాలను తెగకుండా కలిపి వాయించడం. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లే శబ్దాన్ని కూడా రికార్డు చేశారు కాబట్టి, కీ నొక్కాక కొత్త స్వరం నిలబడటానికి సమయం పడుతుంది. ఎంతనేది వెలాసిటీ (కీని ఎంత గట్టిగా నొక్కారన్నది) నిర్ణయిస్తుంది: 64 లోపు సుమారు 333 మిల్లీసెకన్లు, 65 నుంచి 100 దాకా 250, ఆపైన 100. మీ 60 బీపీఎంలో రీపర్ మామూలుగా బీటుకి 960 టిక్కుల లెక్కన ఇవి 320, 240, 96 టిక్కులు. క్వాంటైజ్ చేశాక ఒక్కో స్వరాన్ని దాని వెలాసిటీని బట్టి అంత ముందుగా మొదలయ్యేలా ఎడమకి జరపండి.

ట్రాక్ మొత్తానికి ఒకే నెగెటివ్ డిలే (అంతా ముందుగా మోగించే సెట్టింగు) పెడితే ఎందుకు కుదరదంటే, పదబంధంలో మొదటి స్వరానికి ఈ మార్పిడి ఉండదు. దాన్ని కూడా 333 జరిపితే తాళానికి ముందే దూకుతుంది. దాన్ని చెవితో విడిగా సర్దాలి. జరిపేటప్పుడు రెండు స్వరాల మధ్య ఖాళీ రానివ్వకండి, కొద్దిగా ఒకదాని మీద ఒకటి పడాలి. లేకపోతే లెగాటో అసలు మోగదు. కీబోర్డు పెడల్ డేటా రికార్డయి ఉంటే చెరిపేయండి.

తంత్రీనాదం:

మాడ్ వీల్ మౌసుతో గీయవచ్చా? ఎక్స్‌ప్రెషన్‌తో తేడా ఏమిటి?

బోగీత:

వాయించండి. మౌసు గీతలు నిటారుగా వస్తాయి, చెవి వెంటనే పట్టేస్తుంది. మాడ్ వీల్, అంటే సిసి1 మారితే నాదమే మారుతుంది, మెత్తటి బో శాంపిళ్ల నుంచి గట్టి బో శాంపిళ్లలోకి వెళ్తుంది. ఎక్స్‌ప్రెషన్, అంటే సిసి11 కేవలం శబ్దం స్థాయి. ఈ ముక్కలో సిసి1 ఎక్కువ భాగం 30, 75 మధ్య తిరిగి, ఒక్క శిఖరం దగ్గరే 95 దాటాలి. చివరి స్వరం నిశ్శబ్దంలో కలిసిపోవాలంటే సిసి1 సున్నా చేసినా మెత్తటి పొర మోగుతూనే ఉంటుంది, అక్కడ సిసి11 దించండి. వైబ్రాటో (స్వరంలోని సన్నటి వణుకు) సిసి2లో ఉంది. పొడుగు స్వరాన్ని 20 దగ్గర మొదలుపెట్టి సగం దాటాక 80కి తీసుకెళ్తే స్వరం ఎదిగినట్టుంటుంది.

కంపితం:

గమకం సంగతి. శాంపిల్‌లో పది మంది వైబ్రాటో, ఆ గది ప్రతిధ్వని కలిసే ఉంటాయి. పిచ్ బెండ్ చేస్తే గది కూడా వంగుతుంది. అర స్వరం దాటితే అబద్ధమని తెలిసిపోతుంది. జారు కావాలంటే లైబ్రరీలో పోర్టమెంటో ఉంది, వెలాసిటీ 20 లోపు పెడితే వస్తుంది, దాని స్థాయి సిసి5. మొత్తం ముక్కలో ఒకటి రెండు చోట్లకి మించొద్దు.

గాంధారం మీద కంపితం లాంటివి సెక్షన్‌కి ఇవ్వకండి. సెక్షన్ స్వరం నిలకడగా పట్టుకుంటే పైన ఒక్క నిజమైన వయొలిన్ గమకాలు పలకాలి. కర్ణాటక వయొలిన్ వాయించేవారు ఒక్కరు దొరికినా చాలు. లైబ్రరీలోని డి స్వరం వినిపించి శ్రుతి చేయించండి. మైకు మీటరు దూరంలో పెట్టండి, మరీ దగ్గరైతే బో గరగర సెక్షన్‌తో కలవదు. అదే వాద్యకారుడితో గమకాలు లేకుండా ఫస్ట్స్ లైను కూడా రెండు మూడు సార్లు వాయించి, సెక్షన్ కంటే 6 నుంచి 10 డెసిబెల్స్ కింద కలపండి. పది మంది శాంపిళ్లకి ప్రాణం వస్తుంది.

మంద్రం:

ఇవన్నీ అయ్యాక రివర్బ్. ఐదు ట్రాకులూ ఒకే హాల్ రివర్బ్‌కి పంపండి, తోక 2 నుంచి 2.4 సెకన్లు, ప్రీడిలే (ప్రతిధ్వని మొదలయ్యే ముందు విరామం) 25 మిల్లీసెకన్లు, సెండ్‌లో (రివర్బ్‌కి పంపే ధ్వనిలో) 200 హెర్ట్జ్ కింద కోసేయండి. ప్యాన్ (ఎడమ కుడి స్థానం) ముట్టుకోకండి, సెక్షన్లను వాటి వాటి స్థానాల్లో కూర్చోబెట్టే రికార్డు చేశారు. ఫస్ట్స్ పైన గీసుకున్నట్టుంటే 2.5 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య రెండు డెసిబెల్స్ తగ్గించండి. సోలో వయొలిన్‌కీ అదే హాల్, సెండ్ కొంచెం ఎక్కువ. దాని రికార్డింగ్‌లో హాలు లేదు కదా.