యెహోవా యీరే: దేవునికి పెట్టిన పేరా, చోటుకు పెట్టిన పేరా?

కొత్తపాళీ:
చర్చి క్యాలెండర్ల మీద, గోడ స్టిక్కర్ల మీద ఒక పట్టిక వస్తుంటుంది కదండీ. యెహోవా యీరే అంటే సమకూర్చువాడు, రాఫా అంటే స్వస్థపరచువాడు, నిస్సీ అంటే ధ్వజము, షాలోమ్ అంటే సమాధానము, రోహి అంటే కాపరి, సిద్కేను అంటే నీతి, షమ్మా అంటే ఉన్నవాడు. పాత తెలుగు బైబిల్లో చూస్తే ఈ రూపంలో యీరే, నిస్సీ మాత్రమే కనిపించాయి. మిగతావి ఎక్కడివి? అన్నిటినీ దేవుని బిరుదులే అనుకోవచ్చా?

నిఘంటుప్రియ:
అనుకోకూడదండీ. ఒక్కో వచనం తెరిచి "ఎవరికి పేరు పెట్టారు" అని అడగండి, పట్టిక సగం విడిపోతుంది.

ఆదికాండము 22:14లో అబ్రాహాము యీరే అని పేరు పెట్టింది "ఆ చోటికి". హెబ్రీలో మాకోమ్ అన్న మాట ఉంది, అంటే స్థలం. నిర్గమకాండము 17:15లో మోషే నిస్సీ అని పేరు పెట్టింది బలిపీఠానికి. న్యాయాధిపతులు 6:24లో గిద్యోను ఒఫ్రాలో పెట్టిందీ బలిపీఠానికే. దూతను కళ్లారా చూశాను, ఇక చచ్చిపోతానని అతను హడలిపోతే, పై వచనంలో "నీకు సమాధానము, భయపడకుము" అన్న మాట వస్తుంది. ఆ షాలోమ్ (సమాధానము, అంటే శాంతి) అన్న మాటే బలిపీఠం పేరైంది. యెహెజ్కేలు 48:35లో షమ్మా ఒక పట్టణం పేరు, ఆ గ్రంథంలో ఆఖరి మాట కూడా అదే. చుట్టుకొలత చెప్పి, ఆ పట్టణానికి పేరు "యెహోవా అక్కడ" అంటాడు. షమ్మా అంటే "అక్కడ", అంతే. "ఉన్నవాడు" అని అర్థం రాస్తే అది దేవుడు "ఉన్నవాడను" అని చెప్పుకున్న నిర్గమకాండము 3:14తో కలిసిపోయి గందరగోళం అవుతుంది.

సిద్కేను కాస్త వేరు. యిర్మీయా 23:6లో రాబోయే రాజుకు ఆ పేరు, 33:16లో అదే పేరు యెరూషలేముకు. అప్పుడు సింహాసనం మీద ఉన్న రాజు సిద్కియా. అసలు పేరు మత్తన్యా అయితే బబులోను రాజు మార్చి పెట్టాడు (2 రాజులు 24:17). సిద్కియా అన్నా "యెహోవా నా నీతి" అనే. కాబట్టి 23:6 ఆ రాజుకు తగిలేలా అన్న మాట అని చాలామంది వ్యాఖ్యాతలు చదువుతారు. నాకూ అదే సబబు అనిపిస్తుంది.

తెలుగు బైబిల్లో దొరకకపోవడానికి కారణం తేలిక. అనువాదకులు యీరే, నిస్సీలను శబ్దంగా ఉంచారు. మిగతావి తెలుగు చేశారు: "యెహోవా సమాధానకర్త", "యెహోవా మనకు నీతి", "యెహోవా యుండు స్థలము". 1611 నాటి ఇంగ్లీషు బైబిల్ షాలోమ్‌ను కూడా శబ్దంగానే ఉంచింది. సమాధానకర్తలో "కర్త" మనవాళ్లు చేర్చింది, హెబ్రీలో లేదు.

ఒలీవకొమ్మ:
అసలు యెహోవా అనడమే తప్పు, యాహ్వే అనాలి కదా?

నిఘంటుప్రియ:
అది వేరే చర్చ, టూకీగా చెప్తాను. హెబ్రీలో ఉన్నవి యోద్-హే-వావ్-హే అనే నాలుగు హల్లులు, 6,800కు పైగా చోట్ల. చదివేటప్పుడు యూదులు అదోనాయ్ (ప్రభువు) అంటారు. హెబ్రీ పాఠానికి అచ్చు గుర్తులు పెట్టిన మసోరా పండితులు అలా చదవాలన్న గుర్తు కోసం అదోనాయ్ అచ్చులను ఈ హల్లుల కింద పెట్టారు. రెండూ కలిపి చదివితే వచ్చేది యెహోవా. యాహ్వే అన్నది గ్రీకు రచయితల ఆధారంతో కట్టిన రూపం: సమరయులు "యాబే" అంటారని థియోడొరెట్ అనే క్రైస్తవ రచయిత 5వ శతాబ్దంలో రాశాడు. తెలుగు బైబిల్ పాఠం ఉటంకిస్తున్నప్పుడు మాత్రం యెహోవా అనే రాయండి, పాఠం మార్చొద్దు.

తాళపత్రం:
యీరే గురించి ఇంకొంచెం చెప్పాలి, ఈ పట్టికలో అన్నిటికన్నా రసవత్తరమైంది అదే.

యీరే నామవాచకం కాదు, క్రియ. మూలధాతువు రేష్-ఆలెఫ్-హే, "చూచు". యీరే అంటే "చూస్తాడు, చూచును". "సమకూర్చు" అన్న అర్థం ధాతువులో లేదు, సందర్భంలోంచి వచ్చింది. 7వ వచనంలో ఇస్సాకు "గొఱ్ఱెపిల్ల ఏది" అంటే, 8లో తండ్రి జవాబు ఇదే క్రియతో ఉంది. పాత తెలుగు అనువాదం దాన్ని "దేవుడే దహనబలికి గొఱ్ఱెపిల్లను చూచుకొనును" అంది. ఇంతకన్నా మంచి మాట దొరకదని నా అభిప్రాయం. "ఖర్చుల సంగతి మామయ్య చూసుకుంటాడు" అన్నప్పుడు చూపూ ఉంది, బాధ్యతా ఉంది. హెబ్రీ క్రియ ఆ రెండూ మోస్తోంది. "సమకూర్చు దేవుడు" అని రాసినప్పుడు చూపు జారిపోతుంది, 13వ వచనంలో అబ్రాహాము కన్నులెత్తి పొట్టేలును "చూచెను" అన్నదానితో లంకె తెగిపోతుంది.

14వ వచనం రెండో సగం అనువాదకుల్ని ముప్పుతిప్పలు పెట్టింది. "యెహోవా పర్వతము మీద చూచుకొనబడును" అని మన పాఠం. అక్కడా యీరేలోని నాలుగు హల్లులే, యోద్-రేష్-ఆలెఫ్-హే. అచ్చులు మారితే "చూచును" కాస్తా "చూడబడును, కనబడును" అవుతుంది. పాత నిబంధన ప్రాచీన గ్రీకు అనువాదం సెప్టువజింట్ చోటు పేరును "ప్రభువు చూచెను" అనీ, రెండో సగాన్ని "పర్వతం మీద ప్రభువు కనబడెను" అనీ అనువదించింది. లాటిన్ అనువాదం వల్గేట్ రెండుచోట్లా కర్తరి ప్రయోగమే ఉంచింది: మొదట "చూచుచున్నాడు", తర్వాత "చూచును". హల్లులు మాత్రమే ఉన్న ప్రతిలోంచి రెండు చదువులూ వస్తాయి, ఎవరినీ తప్పుపట్టలేం.

కొత్తపాళీ:
మరి నిస్సీ? జెండా అని గుడ్డ బొమ్మ వేస్తున్నారు.

తాళపత్రం:
నేస్ అంటే ముందుగా కర్ర. దూరానికి కనిపించేలా పాతిన స్తంభం, దాని మీద ఏ గుర్తున్నా సరే. సంఖ్యాకాండము 21:8లో ఇత్తడి సర్పాన్ని పెట్టింది కూడా నేస్ మీదే, తెలుగులో అక్కడ "స్తంభము". చివరి "సీ"లోని ఈకారం "నా" అన్న ప్రత్యయం. సెప్టువజింట్ వాళ్లు పారిపోవడం అనే ధాతువులోంచి తీసినట్టున్నారు, "ప్రభువు నా ఆశ్రయము" అని రాశారు. గుడ్డ జెండా వేస్తే మరీ తప్పు కాదు కానీ, వెనక మోషే కొండ మీద కర్ర పట్టుకుని నిలబడిన 17:9 పోతుంది.

గుడారపుతాడు:
రోహి సంగతి ఎవరూ ఎత్తలేదు. తెలుగు లిపిలో రాస్తే రెండు వేరు మాటలు ఒకటైపోతాయి. కీర్తన 23:1లో "నా కాపరి" అన్న మాట రోయీ, మధ్యలో అయిన్ అనే హెబ్రీ అక్షరం. ఆదికాండము 16:13లో హాగరు పలికింది ఏల్ రోయీ, అక్కడ ఆలెఫ్, అది "చూచు" ధాతువు. ఆలెఫ్‌కీ అయిన్‌కీ మన లిపిలో గుర్తు లేదు కాబట్టి "ఏల్ రోయీ అంటే కాపరియైన దేవుడు" అని రాసేస్తుంటారు. కాదు. "చూపు గల దేవుడు" లేదా "నన్ను చూచే దేవుడు". ఇక "రోహి"లో హకారం రోమను లిపి పట్టికల్లోంచి దిగుమతి అయింది, హెబ్రీ వచనంలో ఆ చోట హే లేదు.

ఇంకో సంగతి. మీ పట్టికలో లేని ఈ ఏల్ రోయీయే అసలు సిసలు పేరు! "తనతో మాటలాడిన యెహోవాకు" హాగరు ఆ పేరు పెట్టెనని వచనమే చెబుతోంది. చోటుకు కాదు, రాళ్లకు కాదు. అక్కడి బావికి బెయేర్ లహాయిరోయి అని వేరే పేరు పడింది. ఐగుప్తు దాసి పెట్టిన పేరు అది.

కొత్తపాళీ:
రాఫా మిగిలింది. క్యాలెండరు ప్రూఫు నా దగ్గరే ఉంది, ఏమని దిద్దాలి?

నిఘంటుప్రియ:
నిర్గమకాండము 15:26లో ఉన్నది రోఫెఖా, "నిన్ను బాగుచేసేవాడు". రాఫా అన్నది నిఘంటువులో వెతుక్కునే రూపం, విడిగా చదివితే "బాగుచేశాడు" అని భూతకాలం అవుతుంది. అక్కడ "నేను" అంటూ చెప్పుకుంటున్నది యెహోవాయే కాబట్టి బిరుదు అనడానికి అడ్డు లేదు, రూపమే సరిగా లేదు. "నిన్ను స్వస్థపరచు యెహోవా" అని తెలుగు పాఠమే వేయండి. కాపరికీ అంతే, "యెహోవా నా కాపరి". షమ్మాకు "యెహోవా యుండు స్థలము" వేసి పక్కన "పట్టణం పేరు" అని చిన్న అక్షరాల్లో పెట్టండి. యీరే, నిస్సీ అలాగే ఉంచి, కింద "చోటు పేరు", "బలిపీఠం పేరు" అనండి. ప్రతి పేరు పక్కనా అధ్యాయం, వచనం అంకె తప్పకుండా వేయండి. జాగా చాలకపోతే రోహిని తీసేసి హాగరు వచనం పెట్టండి.