థీసిస్‌ను సర్జరీ జర్నల్‌కు పంపాలి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు

నైట్‌డ్యూటీ_ఎస్ఆర్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒక గవర్నమెంట్ కాలేజీలో ఎంఎస్ జనరల్ సర్జరీ పూర్తయింది, ఇప్పుడు సీనియర్ రెసిడెంట్ (ఎస్ఆర్)గా చేస్తున్నాను. థీసిస్ పర్ఫొరేషన్ పెరిటోనైటిస్ మీద, అంటే పేగుకో కడుపుకో చిల్లుపడి పొట్ట లోపలి పొరకు ఇన్ఫెక్షన్ రావడం. మ్యాన్‌హైమ్ పెరిటోనైటిస్ ఇండెక్స్, అదే మనం ఎంపీఐ అంటాం కదా, ఆ స్కోరు చూసి పేషెంట్ బతుకుతాడా లేదా అన్నది ఎంతవరకు ముందే చెప్పగలమో చూశాం. అరవై కేసులు, చనిపోయినవాళ్లు పది మంది లోపే. యూనివర్సిటీ ఒప్పుకుంది, కోఠిలో బైండింగ్ చేయించిన కాపీ డిపార్ట్‌మెంట్ బీరువాలో పడి ఉంది. ఇప్పుడు గైడ్ సార్ "మంచి సర్జరీ జర్నల్‌కు పంపు, రాసి తీసుకురా చూస్తా" అన్నారు. అంతకుమించి అడుగుదామంటే ఆయన దొరికేది ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లోనే.

నా దగ్గరున్నది నూట పది పేజీల వర్డ్ ఫైలు. అందులో సగానికి దగ్గరగా రివ్యూ ఆఫ్ లిటరేచరే, పెరిటోనియం ఎంబ్రియాలజీ నుంచి మొదలవుతుంది. మూడు వేల పదాలకు కుదించమంటున్నారు. రెండు పేరాలు కొట్టేస్తే మూడో పేరాకు అర్థం ఉండట్లేదు, మళ్లీ అతికిస్తున్నా.

ఇంకో సంగతి, కాన్ఫరెన్స్‌లో పోస్టర్ పెట్టినప్పటి నుంచి రోజూ ఏదో ఒక జర్నల్ నుంచి మెయిల్ వస్తోంది, "డియర్ ఎమినెంట్ ప్రొఫెసర్" అని. వారంలో పబ్లిష్ చేస్తాం అంటున్నారు. వాటిలో దేనికైనా పంపేయొచ్చా? ఆపరేషన్ ఫొటోలు ఉన్నాయి కానీ అన్నీ యూనిట్ వాట్సాప్ గ్రూపులోవే. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి, సార్ ముందు మరీ తెల్లమొహం వెయ్యకుండా వెళ్లాలి.

పాతకత్తి

తమ్ముడూ, ముందు ఆ ఫైలు మూసెయ్. థీసిస్‌ను కుదిస్తే వచ్చేది చిన్న థీసిస్, పేపర్ కాదు. కొత్త ఖాళీ ఫైలు తెరిచి, పక్కన మాస్టర్ చార్ట్ (కేసుల వివరాలన్నీ ఉన్న షీటు) ఒక్కటే పెట్టుకో.

నేను ఒకటి రెండు జర్నళ్లకు రివ్యూలు చేస్తుంటాను (వచ్చిన పేపర్లు చదివి ఎడిటర్‌కు అభిప్రాయం చెప్పడం) కాబట్టి అవతలి బల్ల దగ్గర ఏం జరుగుతుందో చెబుతా. "మా ఆసుపత్రిలో ఎంపీఐ బాగా పనిచేసింది" అని మన దేశం నుంచి వచ్చే పేపర్లకు లెక్కే లేదు. ఎడిటర్ టైటిల్ చూస్తాడు, ఆబ్‌స్ట్రాక్ట్ చివరి రెండు వాక్యాలు చూస్తాడు, అందులో కొత్తది లేకపోతే రివ్యూయర్ దాకా కూడా పంపడు. అందుకే నీ డేటాలో నీకు మాత్రమే కనిపించేది ఏంటో ముందు తేల్చుకో, మిగతా పనంతా దాని వెనకాలే.

ఎంపీఐలో పాయింట్లు ఎలా పడతాయో ఒక్కసారి గుర్తు తెచ్చుకో. వయసు 50 దాటితే 5, ఆడవాళ్లయితే 5, ఆర్గాన్ ఫెయిల్యూర్ ఉంటే 7, క్యాన్సర్ ఉంటే 4, పెరిటోనైటిస్ మొదలై 24 గంటలు దాటితే 4, మూలం కోలన్ (పెద్దపేగు) కాకపోతే 4, పొట్టంతా పాకితే 6, చీముంటే 6, మలం ఉంటే 12. ఈ స్కోరు పుట్టింది జర్మనీలో. అక్కడి వార్డులో కోలన్ పర్ఫొరేషన్లు బాగా ఉంటాయి, పేషెంట్ కూడా త్వరగా వస్తాడు. మన క్యాజువాలిటీకి వచ్చేవాడెవడు? డ్యుయోడినల్ పర్ఫొరేషన్ (చిన్నపేగు మొదట్లో చిల్లు), ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు వేయించుకుని, జిల్లా ఆసుపత్రిలో ఒక రాత్రి ఉండి, మూడో రోజు అంబులెన్సులో మన దగ్గర దిగుతాడు. అంటే 24 గంటల పాయింట్లు 4, కోలన్ కానందుకు 4, పొట్టంతా పాకినందుకు 6, వెరసి 14 దాదాపు ప్రతివాడికీ ముందే పడిపోతాయి. అందరికీ వచ్చే మార్కులతో ఎవడు పాసో ఎవడు ఫెయిలో తేలదు కదా. నీ అరవై మందిలో ఈ మూడు అంశాలూ ఎంతమందికి ఉన్నాయో ఇవాళే లెక్కపెట్టు. నేననుకున్నట్టు నూటికి తొంభై మందికి ఉంటే నీ పేపర్ అదే: ఆలస్యంగా వచ్చే పేషెంట్లలో ఈ స్కోరులో ఏ భాగం నిజంగా పనిచేస్తోంది, రిస్కును విడదీసే 21, 29 అనే పాత కటాఫ్‌లు మనకు సరిపోతాయా లేదా అన్నది. అప్పుడు ఎంబ్రియాలజీ అవసరం ఎవరికీ రాదు.

రాసే వరుస కూడా తిరగేసుకో. టేబుళ్లు ముందు, తర్వాత మెథడ్స్, రిజల్ట్స్, ఆ తర్వాత డిస్కషన్. ఇంట్రడక్షన్ మూడు పేరాలు చాలు, ఆబ్‌స్ట్రాక్ట్ అన్నిటికంటే చివర. మెథడ్స్‌లో అరవై కేసులూ వరుసగా వచ్చినవా, ఏరినవా, ఓటీకి చేరకముందే పోయినవాళ్లను ఏం చేశారు, మరణం అంటే ఆసుపత్రిలో జరిగినదా 30 రోజుల లోపు జరిగినదా, ఇవన్నీ విప్పి రాయాలి. స్ట్రోబ్ చెక్‌లిస్టు అని ఉంటుంది, అబ్జర్వేషనల్ స్టడీలకు, 22 అంశాలు. చాలా జర్నళ్లు అది నింపి పేజీ నంబర్లతో సహా జత చెయ్యమంటాయి. కాంప్లికేషన్లను "మైనర్, మేజర్" అని రాయకు, క్లేవియన్-డిండో గ్రేడుల్లో (కాంప్లికేషన్‌కు ఏ చికిత్స కావాల్సి వచ్చిందో దాన్ని బట్టి ఇచ్చేవి) పెట్టు. 2004లో అవి వచ్చినప్పటి నుంచి సర్జరీ జర్నళ్లు చాలావరకు ఆ భాషే మాట్లాడుతున్నాయి.

స్టాట్స్_అక్క

పాతకత్తి సార్ చెప్పిన కోణం బాగుంది, కానీ తమ్ముడూ, ఒక్క మాట. చనిపోయినవాళ్లు పది లోపే అన్నావు. ఎంపీఐలో ఎనిమిది అంశాలున్నాయి. ఎనిమిదింటినీ ఒకే లాజిస్టిక్ రిగ్రెషన్ (అన్ని అంశాల ప్రభావాన్నీ కలిపి తూచే లెక్క)లో పెట్టి "ఆర్గాన్ ఫెయిల్యూర్ ఇండిపెండెంట్ ప్రెడిక్టర్" అని రాస్తే నాలాంటి రివ్యూయర్ అక్కడే ఆగిపోతుంది. ఒక్కో అంశానికి కనీసం పది ఈవెంట్లు (ఇక్కడ మరణాలు) ఉండాలన్నది పాత మోటు లెక్కే, ఈ మధ్య దాన్ని తప్పుపట్టేవాళ్లూ ఉన్నారు, అయినా తొమ్మిది మరణాలతో ఎనిమిది అంశాలు ఏ లెక్కనా నిలబడవు. ఒక్కో అంశం విడివిడిగా బతికినవాళ్లలో ఎంతమందికి, పోయినవాళ్లలో ఎంతమందికి ఉందో చూపించు, మొత్తం స్కోరుకు ఆర్ఓసీ గ్రాఫ్ (పోయినవాళ్లను, బతికినవాళ్లను స్కోరు ఎంత బాగా విడదీస్తుందో చూపేది) గీసి ఏరియాతో పాటు 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ ఇవ్వు. ఇంటర్వెల్ వెడల్పుగా వస్తుంది, రానీ. శాంపిల్ చిన్నదని లిమిటేషన్స్‌లో నువ్వే రాసుకుంటే రివ్యూయర్‌కు ఆ రాయి దొరకదు.

ఎస్‌పీఎస్‌ఎస్ (స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్) పాత వెర్షన్ల అవుట్‌పుట్‌లో పీ వాల్యూ 0.000 అని వస్తుంది, దాన్ని అలాగే టేబుల్‌లో అతికించేవాళ్లను నెలకోసారైనా చూస్తుంటా. సున్నా పీ వాల్యూ ఉండదు, 0.001 కంటే తక్కువ అని రాయాలి. మిగతావి "నాట్ సిగ్నిఫికెంట్" అని వదిలెయ్యకుండా అసలు అంకె రాయి. అరవై మందిలో శాతాలకు రెండు డెసిమల్స్ అక్కర్లేదు, 38.33 శాతం అంటే నవ్వొస్తుంది. ఆసుపత్రిలో ఉన్న రోజులకు మీన్ (సగటు) కాదు, మీడియన్ (మధ్య విలువ). ఒకడు ఫిస్టులాతో రెండు నెలలు ఉండిపోతే మీన్ మొత్తం వాడి వైపే జరుగుతుంది.

ఇంతకీ లామా కేసులు (డాక్టర్లు వద్దన్నా సంతకం పెట్టి వెళ్లిపోయినవాళ్లు) ఉన్నాయా? అడగకుండా రాసేస్తారు అందరూ. మనవైపు పేషెంట్ వెంటిలేటర్ మీదకు వెళ్లాడంటే బంధువులు "ఇంటికి తీసుకుపోతాం సార్" అని సంతకం పెట్టి తీసుకుపోతారు. రిజిస్టర్‌లో వాళ్లు చనిపోయినవాళ్లు కాదు. వాళ్లను బతికినవాళ్ల కాలమ్‌లో వేస్తే నీ స్కోరు లెక్క మొత్తం తలకిందులవుతుంది.

లింగంపల్లి_లోకల్

ఆ "ఎమినెంట్ ప్రొఫెసర్" మెయిళ్లు స్పామ్‌లో పడెయ్ బ్రో. ఇంకా ఎండీ అవ్వని ఇంటర్న్‌కు కూడా అదే మెయిల్ వస్తుంది. ఈ వ్యాపారానికి మన ఊరికీ పాత సంబంధమే ఉంది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది, పీర్ రివ్యూ పేరుతో రీసెర్చర్లను మోసం చేశారని, ఫీజులు దాచారని. 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.

గుర్తుపట్టడం కష్టమేం కాదు. పేపర్ ఒప్పుకున్నాక ఫీజు చెప్పేవాళ్లు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అని ఎవరూ వినని సంస్థ అంకె చూపించేవాళ్లు, వారంలో రివ్యూ అయిపోతుందనేవాళ్లు. జర్నల్ వెబ్‌సైట్‌లో "ఇండెక్స్‌డ్ ఇన్" అని రాసుకున్నది నమ్మకు, స్కోపస్, మెడ్‌లైన్, డీఓఏజే అనే జర్నళ్ల జాబితాల సైట్లలోకి నువ్వే వెళ్లి పేరు వెతుకు. ఇండియన్ జర్నల్ ఆఫ్ సర్జరీ ఉంది కదా, అసోసియేషన్ ఆఫ్ సర్జన్స్ ఆఫ్ ఇండియా (ఏఎస్ఐ) వాళ్లది, స్ప్రింగర్ ప్రచురిస్తుంది. ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదివేలా పెట్టడం) వద్దంటే రచయిత పైసా కట్టక్కర్లేదు. వరల్డ్ జర్నల్ ఆఫ్ ఎమర్జెన్సీ సర్జరీ నీ టాపిక్‌కు అతికినట్టు ఉంటుంది కానీ అది పూర్తి ఓపెన్ యాక్సెస్, ఫీజు చూసుకుని దిగు. ఒకేసారి రెండింటికి మాత్రం పంపకు. ఒకరు కాదన్నాకే ఇంకొకరికి. అన్నట్టు రిజెక్ట్ చేస్తూ "మా సిస్టర్ జర్నల్‌కు ట్రాన్స్‌ఫర్ చేస్తాం" అని లింక్ పంపుతారు, అది మోసం కాదు గానీ సాధారణంగా ఫీజు ఉన్న జర్నలే అయ్యుంటుంది, క్లిక్ చేసేముందు చూడు.

నైట్‌డ్యూటీ_ఎస్ఆర్

అందరికీ చాలా థ్యాంక్స్. సార్, మీరు చెప్పిన మూడు అంశాలు లెక్కపెట్టా. అరవైలో ఏభై మందికి పైగా మూడూ ఉన్నాయి! ఇన్నాళ్లూ ఆ చార్ట్ నా లాప్‌టాప్‌లోనే ఉంది.

ఇంకో టెన్షన్ ఉంది. పేర్లు. గైడ్ సార్, కో-గైడ్, హెచ్‌ఓడీ మేడమ్, యూనిట్‌లో ఇద్దరు అసిస్టెంట్ ప్రొఫెసర్లు, ఇంకో పీజీ. మేడమ్ ఈ స్టడీ ఎప్పుడూ చూడలేదు, కానీ పేరు లేకపోతే బాగుండదేమో అని అందరూ అంటున్నారు. మొదటి మూడు స్థానాల గురించి ఇప్పటికే గుసగుసలు మొదలయ్యాయి.

పాతకత్తి

గుసగుసలకు కారణం ఉంది. నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్‌ఎంసీ) 2022 నిబంధనల్లో ప్రమోషన్‌కు పేపర్ లెక్కలోకి రావాలంటే మొదటి ముగ్గురిలో ఉండాలి, లేదా కరెస్పాండింగ్ ఆథర్ అయ్యుండాలి అని పెట్టారు. అందులో కేస్ రిపోర్టులకు విలువ ఇవ్వలేదు, ఒరిజినల్ పేపర్‌కు ఇచ్చారు. అందుకే నీ పేపర్ మీద అంత ప్రేమ. 2025లో కొత్త రెగ్యులేషన్లు వచ్చాయి, ఎవరైనా నిబంధన అంటూ వాదిస్తే తాజా గెజిట్ తీసి చూడమను.

జర్నళ్లు పాటించేది ఐసీఎంజేఈ (మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ) వాళ్ల నాలుగు షరతులు. స్టడీ ఆలోచనలోనో డేటాలోనో విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ చెయ్యి ఉండాలి, రాతలోనో దాన్ని దిద్దడంలోనో పాలు ఉండాలి, చివరి కాపీకి ఒప్పుకోవాలి, రేపు ఎవరైనా ప్రశ్నిస్తే జవాబుదారీగా నిలబడాలి. నాలుగూ ఉండాలి, ఒకటో రెండో చాలవు. హెచ్‌ఓడీ అయినంత మాత్రాన ఆథర్ అవ్వరు. కానీ నువ్వు వెళ్లి ఆవిడతో ఈ మాట అనకు, ఎస్ఆర్‌షిప్ ఇంకా మిగిలుంది కదా. డ్రాఫ్ట్ తీసుకెళ్లి "మేడమ్, మీరు చదివి దిద్దితే బాగుంటుంది, సబ్మిషన్‌లో ఎవరెవరు ఏం చేశారో రాయమంటున్నారు" అని అడుగు. నిజంగా చదివి, విశ్లేషణలో ఇక్కడ పొరపాటుంది అని పట్టుకుని పనిచేస్తే ఆవిడ హక్కుగా ఆథర్. టైమ్ లేదంటే అక్నాలెడ్జ్‌మెంట్స్‌లో గౌరవంగా రాయి, అదీ ఆవిడ ఒప్పుకున్నాకే. మొదటి పేరు నీదే, దాని మీద బేరం లేదు. ఈ వరుస సబ్మిషన్‌కు ముందే అందరికీ ఒక మెయిల్‌లో పెట్టి "ఓకే" అనిపించుకో. పంపాక పేర్లు మార్చాలంటే అందరి సంతకాలతో ఎడిటర్‌కు సంజాయిషీ రాయాలి.

ఓటీ_సిస్టర్_కాదు_డాక్టర్

ఫొటోల గురించి ఎవరూ చెప్పలేదు. వాట్సాప్‌లో పంపిన ఫొటో సైజు కరిగిపోయి ఉంటుంది, జర్నళ్లు ఫొటోకు 300 డీపీఐ అడుగుతాయి, ఫొటోషాప్‌లో ఆ అంకె పెంచినంత మాత్రాన పోయిన వివరం తిరిగి రాదు. తీసినవాళ్ల ఫోన్‌లో ఒరిజినల్ ఉందేమో అడగండి. ఎక్స్‌రేలో డయాఫ్రమ్ కింద గాలి చూపించాలనుకుంటే ఫిల్మ్‌ను వ్యూబాక్స్ మీద పెట్టి తీసిన ఫొటో కాకుండా పాక్స్ (ఆసుపత్రి ఎక్స్‌రేలు, స్కాన్లు దాచే కంప్యూటర్ సిస్టమ్) నుంచి ఎక్స్‌పోర్ట్ చేయించండి, మూలన ఉన్న పేరు, ఐపీ నంబర్ కత్తిరించండి. నల్ల గీత కొట్టి పవర్‌పాయింట్‌లోనే వదిలేస్తే ఆ గీత పక్కకు లాగి పేరు చదువుకోవచ్చు.

కన్సెంట్ కూడా. ఆపరేషన్‌కు పెట్టిన సంతకం ఫొటో ప్రచురించడానికి పనికిరాదు, అది వేరే కాగితం, తెలుగులో ఉండాలి. చదువురాని పేషెంట్ అయితే వేలిముద్ర, పక్కన సాక్షి సంతకం. మీ పేపర్‌కు అసలు ఫొటో అవసరమా అని కూడా ఆలోచించండి, స్కోరు గురించిన పేపర్‌లో చిల్లుపడ్డ పేగు ఫొటో ఎవరూ అడగరు.

ఇంగ్లిష్ దిద్దడానికి ఏఐ వాడితే ఆ సంగతి రాయాల్సిందే, ఐసీఎంజేఈ 2023 నుంచి అదే చెబుతోంది. రెఫరెన్సులు మాత్రం దాన్ని అడగొద్దు, లేని పేపర్లను పుట్టించి ఇస్తుంది. రెఫరెన్సులు సర్దుకోవడానికి జొటేరో సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితమే.

నైట్‌డ్యూటీ_ఎస్ఆర్

స్టాట్స్ అక్కా, లామా కేసులు వెతికా. నాలుగు ఉన్నాయి, మాస్టర్ చార్ట్‌లో "డిస్చార్జ్డ్" అని పడ్డాయి. కేస్ షీట్లలో అటెండర్ల ఫోన్ నంబర్లున్నాయి. ఫోన్ చేసి పేషెంట్ ఉన్నాడో లేడో కనుక్కుని చార్ట్ మార్చేయనా?

స్టాట్స్_అక్క

అప్పుడే ఫోన్ ఎత్తకు. నీ ఎథిక్స్ అప్రూవల్ ఉన్న ప్రోటోకాల్‌లో డిస్చార్జ్ తర్వాత ఫాలోఅప్ ఉందా చూడు. ఉంటే చెయ్యొచ్చు. లేకపోతే కమిటీకి అమెండ్‌మెంట్ లెటర్ పెట్టి, అనుమతి వచ్చాకే కాల్ చెయ్యి, అది కూడా గైడ్ సార్‌కు చెప్పి. ఈలోపు లెక్క మూడు రకాలుగా చేసి పెట్టుకో: ఆ నలుగురినీ తీసేసి ఒకటి, నలుగురూ పోయారనుకుని ఒకటి, నలుగురూ బతికారనుకుని ఒకటి. మూడింటిలోనూ స్కోరు ఒకేలా ప్రవర్తిస్తే ఫోన్లు చెయ్యాల్సిన అవసరమే ఉండదు, ఆ మూడు వరుసలే ఒక టేబుల్ అవుతాయి. థీసిస్‌లో ఉన్న అంకెలకూ పేపర్‌లో అంకెలకూ తేడా ఎందుకొచ్చిందో మెథడ్స్‌లో ఒక వాక్యం రాయి. షీట్ నుంచి పేర్లు, నంబర్లు తీసేసి నాకు మెసేజ్ చెయ్యి, ఆదివారం కూర్చుని చూస్తా.