కరోనా నాటి సర్కారు సాయం: గుడి, చర్చి, మసీదు చేయి చాచవచ్చా?

కోశాధికారి (ఒహాయో):

మా గుడి కమిటీలో ఒక తగువు ఎంతకీ తెగడం లేదు, మీ అందరి మాటా వినాలని ఇక్కడ పెడుతున్నాను. మళ్ళీ ఏదైనా మహమ్మారి వచ్చి తలుపులు మూయవలసి వస్తే ప్రభుత్వ సాయానికి దరఖాస్తు చేయాలా వద్దా అన్నది నియమావళిలో రాసుకోవాలని మొదలుపెట్టాం. 2020లో మేము పేచెక్ ప్రొటెక్షన్ ప్రోగ్రామ్ కింద, అంటే ఉద్యోగుల జీతాలు ఆగకుండా అమెరికా ప్రభుత్వం పెట్టిన పథకం కింద అప్పు తీసుకున్నాం. నిబంధనల ప్రకారం ఖర్చు పెట్టాం కనుక మాఫీ అయింది. అప్పట్లో ఎవరూ నోరెత్తలేదు. ఇప్పుడు కొత్తగా వచ్చిన ఇద్దరు ట్రస్టీలు దేవుడి సొమ్ములో సర్కారు సొమ్ము కలపడం అపచారమంటున్నారు. వారిలో ఒకరు ఈ వేదికలోనే ఉన్నారు, పేరు ఆయనే చెప్పుకుంటారు.

నేను మాత్రం తీసుకోవాలనే అంటాను. ఆ నెలల్లో హుండీ లేదు, అభిషేకాలు లేవు, హాలు అద్దెలు లేవు. జూమ్‌లో సత్యనారాయణ వ్రతం చేయిస్తే వచ్చే దక్షిణ కరెంటు బిల్లుకు చాలలేదు. పూజారి గారి వీసా ఆయన ఉద్యోగం మీద ఆధారపడి ఉంది. ఆయనను ఇంటికి పంపితే దేశం విడిచి వెళ్ళవలసిందే, విమానాలేమో లేవు.

పడమటిగాలి (ఒహాయో):

ఆ ట్రస్టీని నేనే. దాచుకోవలసిన అవసరం నాకు లేదు.

దేవాదాయ శాఖ గుళ్ళ మీద పెత్తనం చేస్తోందని అక్కడ ఉన్నంతకాలం గొంతు చించుకున్నది మనవాళ్ళే. ఇక్కడ ప్రభుత్వం చెక్కు రాస్తానంటే వరుసలో ముందు నిలబడిందీ మనవాళ్ళే. సర్కారు గుడి జోలికి రాకూడదన్నది సూత్రమైతే, సర్కారు సొమ్ము కూడా రాకూడదు కదా.

ఇంకొకటి. సాయం ఎవరికి అందిందో చూడండి. ఐదు వందల మంది ఉద్యోగుల లోపు ఉన్న సంస్థలకే అన్నారు. మత సంస్థలు ఒకే పెద్ద సంస్థ కింద ఉన్నా విడివిడిగా లెక్క కట్టుకోవచ్చని మినహాయింపు ఇచ్చారు. 2020 జూలైలో అసోసియేటెడ్ ప్రెస్ లెక్క తీస్తే కాథలిక్ చర్చి సంస్థలకు కనీసం 140 కోట్ల డాలర్లు చేరినట్టు తేలింది. అందుకున్నవాటిలో లైంగిక వేధింపుల కేసుల వల్ల భారీ పరిహారాలు కట్టిన లేదా దివాలాకు దరఖాస్తు చేసిన డయోసిస్‌లూ (ఒక్కో బిషప్పు కింది చర్చి విభాగాలు) ఉన్నాయి. నా పన్ను డబ్బు అటు వెళ్ళినందుకు నేను ఎంత మండిపడ్డానో, వారి పన్ను డబ్బు మన గుడికి వచ్చినందుకు వారూ అంతే మండిపడవచ్చు.

లెక్కలమాస్టారు (డల్లాస్):

పడమటిగాలి గారూ, మీ కోపం సరైనదే కానీ గురి తప్పింది. ఆ డబ్బు గుడికి ఇచ్చింది కాదు, జీతాల పట్టీకి ఇచ్చింది. సగటు నెల జీతాల ఖర్చుకు రెండున్నర రెట్లు అప్పు, ఒక శాతం వడ్డీ. మొదట్లో 75 శాతం జీతాలకే పెట్టాలన్నారు, 2020 జూన్‌లో దాన్ని 60 శాతానికి తగ్గించారు. మిగిలింది అద్దెకు, కరెంటుకు. గోపురానికి రంగు వేయిస్తే మాఫీ ఉండేది కాదు. మత సంస్థ అన్న ఒక్క కారణంతో అందరికీ ఇచ్చేది వారికి నిరాకరించకూడదని 2017లోనే సుప్రీంకోర్టు ట్రినిటీ లూథరన్ కేసులో చెప్పింది. అక్కడ తగవు పాత టైర్ల రబ్బరుతో పిల్లల ఆటస్థలం బాగు చేసుకోవడం గురించి, అంతే.

అసలు అన్యాయం మరో చోట జరిగింది. దాన్ని ఇద్దరూ వదిలేశారు.

2020 వసంతంలో ఒక గుడి కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. జీతాల పట్టీలో ఇద్దరు పూజారులు, ఒక ఆఫీసు గుమస్తా. వంటశాలలో తెల్లవారుజామున వచ్చి పులిహోర కలిపే ఆవిడ, దండలు కట్టే భార్యాభర్తలు, హాలు ఊడ్చే మనిషి, వీరెవరూ అందులో లేరు. ఏడాది చివర వారి చేతికి 1099 ఫారం ఇస్తారు, అంటే బయటి కాంట్రాక్టర్లన్న మాట. అప్పు లెక్కలో వారి పేర్లు చేర్చడానికి వీల్లేదు. అలాంటివారు ఏప్రిల్ 10 నుంచి సొంతంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ ఆ సంగతి వారికి చెప్పిన నాథుడెవరు? మొదటి విడత 34,900 కోట్ల డాలర్లు ఏప్రిల్ 3న మొదలై 16కల్లా ఊడ్చుకుపోయాయి. బ్యాంకు మేనేజరును ఎరిగిన వాడు మొదటి రోజే పెట్టాడు. ఇంగ్లీషులో బ్యాంకుకు ఫోను చేయడానికే జంకే ఆవిడ ఎప్పుడు పెడుతుంది?

తుమ్మలచెట్టు (గుంటూరు జిల్లా):

మాస్టారు గారి మాట చదివి రాయకుండా ఉండలేకపోయాను. మా నాన్నగారు పాస్టరు. ఏ మిషనుకూ చెందని సంఘం, మాల పల్లెలో రేకుల షెడ్డు. ఆదివారం కానుకలే ఆదాయం. 2020 మార్చి నుంచి ఆదివారాలే లేవు.

మే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అర్చకులకు, ఇమాములకు, మౌజన్లకు, పాస్టర్లకు ఒకసారి సాయంగా ఐదేసి వేలు ఇచ్చింది. మా చుట్టుపక్కల చాలామంది తీసుకున్నారు. నాన్నగారు దరఖాస్తే పెట్టలేదు. అభిమానం అనుకునేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ హోదా ఉండదు, బీసీ-సి కిందికి వస్తారు. ఇంట్లో ఇద్దరి చదువు ఎస్సీ ధ్రువపత్రం మీద నడుస్తోంది. ఐదు వేల కోసం సర్కారు రికార్డులో 'పాస్టరు' అని సంతకం పెడితే ఆ తరవాత సంగతి ఏమిటి? ఆయన భయపడినట్టే, సాయం తీసుకున్న పాస్టర్ల కుల ధ్రువపత్రాల మీద ఢిల్లీ దాకా ఫిర్యాదులు వెళ్ళాయి.

ఆ రెండు నెలలు మమ్మల్ని నిలబెట్టింది సంఘం వాళ్ళే. పొద్దున తలుపు తీస్తే అరుగు మీద ఎవరో పెట్టిపోయిన బియ్యం సంచి ఉండేది, ఒక రోజు దాని మీద రెండు సొరకాయలు. ఉపాధి హామీ కూలి మీద బతికేవాళ్ళు పెట్టినవి అవి. ఇది గొప్ప అని చెప్పడం లేదు. వారి కంచంలోంచి తీసి మాకు పెట్టారు, అందుకు నాన్నగారు ఇప్పటికీ సిగ్గుపడతారు.

పడమటిగాలి:

అమ్మా, మీరు చెప్పినదే నా వాదన. సర్కారు ఒక చేత్తో ఇచ్చేటప్పుడు రెండో చేత్తో కాగితం పట్టుకుంటుంది.

తుమ్మలచెట్టు:

కాదండీ. కాగితం అందరికీ ఒకటే కాదని నేను చెప్పింది. మీ గుడికి ఆ కాగితం మాఫీ తెచ్చింది. మా ఇంట్లో అదే కాగితం చదువు ఊడగొట్టేది. వద్దనుకునే దర్జా మీకుంది, మాకు వద్దనుకోక తప్పలేదు. రెంటినీ ఒకే గాటన కట్టకండి.

నైవేద్యం (జగిత్యాల జిల్లా):

నేను అర్చకుడిని, మాది ఆదాయం లేని ఊరి గుడి. పెద్ద గుళ్ళలో ఉన్నవారికి నెల జీతం ఉంటుంది, మాకు ధూప దీప నైవేద్యం పథకమే గతి. తెలంగాణలో అప్పట్లో నెలకు 6,000, అందులో 2,000 పూజా సామగ్రికి, 4,000 అర్చకుడికి. ఆ పథకంలోకి ఎక్కని గుళ్ళు ఇంకా ఎన్నో. తీసుకోవాలా వద్దా అని చర్చ పెట్టుకునే స్తోమత మాకు లేదు.

2020లో శ్రీరామనవమి ఏప్రిల్ 2న వచ్చింది, లాక్‌డౌన్ నడుస్తోంది. భద్రాచలంలోనే కల్యాణం భక్తులు లేకుండా జరిగింది, ఇక మా ఊళ్ళో ఎంత? నవమి నాటి కట్నాలు, తలంబ్రాల బియ్యం మాకు నాలుగైదు నెలల తిండి. ఆ వెంటనే వైశాఖం పెళ్ళిళ్ళు. రెండూ పోయాయి. గుడి లేని పురోహితుల పరిస్థితి ఇంకా అన్యాయం. ఏ శాఖ రికార్డులోనూ వారి పేరు ఉండదు. ఊళ్ళో సావుకార్లు కొందరు బియ్యం పంపారు, ఫొటో దిగి మరీ.

జొన్నరొట్టె (హైదరాబాద్ పాతబస్తీ):

మా సంగతి కూడా కలుపుకోండి. ఆ ఏడాది రంజాన్ మాసం ఏప్రిల్ 25న మొదలైంది, పండుగ దాకా అంతా లాక్‌డౌన్‌లోనే. రంజాన్ రాత్రుల్లో చేసే తరావీ నమాజులకు వచ్చేవాళ్ళు ఇచ్చే చందాలతోనే చిన్న మసీదులు ఏడాది నెట్టుకొస్తాయి. వక్ఫ్ బోర్డు గౌరవ వేతనం జాబితాలో ఉన్న ఇమాముకు అప్పట్లో నెలకు 5,000, లేనివారికి మొహల్లా దయ. అయితే ఒక మాట: మా వీధిలో జకాత్ (పేదలకు ఇచ్చే దానం) డబ్బు ఆ ఏడు మసీదుకు కాక నేరుగా ఆటో డ్రైవర్ల ఇళ్ళకు వెళ్ళింది. ఇమాము గారే అలా చెప్పారు. ఆయన పస్తు ఆయన పడ్డారు.

పెన్నఒడ్డు (అనంతపురం):

మీరంతా తీసుకోవచ్చా అని వాదించుకుంటున్నారు. మా స్వచ్ఛంద సంస్థలకు ఇచ్చేవాళ్ళు ఉన్నా తీసుకునే దారి మూసుకుపోయింది.

వరస చూడండి. 2020 వసంతంలో నీతి ఆయోగ్ 92,000కు పైగా స్వచ్ఛంద సంస్థలకు లేఖ రాసి చేయూత ఇవ్వమంది. ఇచ్చాం. వలస కూలీలకు హైవే మీద భోజనం పెట్టాం. అదే సమయంలో ప్రధాని పేరిట పెట్టిన పీఎం కేర్స్ నిధికి ఇస్తే ఆదాయపు పన్నులో 80జీ సెక్షను కింద నూరు శాతం మినహాయింపు, మా లాంటి వాటికి ఇస్తే సగం. కంపెనీల సీఎస్సార్ (సామాజిక బాధ్యత) నిధులు అటే మళ్ళాయి. సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. పరిపాలన ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి దిగింది. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు ఇవ్వడం పూర్తిగా నిషేధం. విదేశీ విరాళం ముందు ఢిల్లీలోని ఒకే ఒక స్టేట్ బ్యాంకు శాఖలో పడాలి.

తరవాత 2021 ఏప్రిల్, మే. ఆక్సిజన్ కాన్సంట్రేటర్లకు అమెరికా నుంచి మన తెలుగువాళ్ళు డబ్బు పంపుతామన్నారు. విదేశీ విరాళాల చట్టం కింద నమోదు ఉన్న పెద్ద సంస్థ తీసుకుని మండలంలో పనిచేసే మాకు ఇవ్వడం కుదరదు. మాకు నేరుగా పంపడమూ కుదరదు, మాకు నమోదు లేదు. నర్సమ్మ జీతాన్ని కూడా పరిపాలన ఖర్చంటారేమోనని ఆడిటర్లు వణికారు. ఆ సవరణలు చెల్లుతాయని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, కనుక ఇక వాదన లేదు. కానీ పడమటిగాలి గారూ, సర్కారు సొమ్ము తీసుకోకపోతే సర్కారు మన జోలికి రాదన్న మీ లెక్క మా దగ్గర తప్పింది. మేము దాని పైసా ముట్టలేదు.

పడమటిగాలి:

ఇది ఒప్పుకుంటాను. అయినా అమెరికా గుడి విషయంలో నా మాట మారదు. నిరుడు మన గుడికే ఒక ఏజెంటు ఫోను చేశాడు. ఉద్యోగులను ఉంచుకున్నందుకు పన్ను వాపసు ఇంకా రాబట్టవచ్చట, తలకు 26,000 డాలర్ల దాకా, పావు వంతు వాడి వాటా. సాయానికి అలవాటు పడితే ఇలాంటి గద్దలు వాలుతూనే ఉంటాయి.

లెక్కలమాస్టారు:

అది ఎంప్లాయీ రిటెన్షన్ క్రెడిట్. పథకం నిజమైనదే, లాభాపేక్ష లేని సంస్థలకూ వర్తించింది. కానీ ప్రభుత్వ ఉత్తర్వు వల్ల పని పూర్తిగానో కొంతగానో ఆగి ఉండాలి, లేదా ఆదాయం 2020లో సగానికి పైగా, 2021లో అయిదో వంతుకు పైగా పడిపోయి ఉండాలి. ఏజెంట్లు ఈ షరతులు చెప్పరు. తప్పుడు దరఖాస్తులు ముంచెత్తడంతో పన్నుల శాఖ 2023 సెప్టెంబరు 14 నుంచి కొత్తవి చూడడమే కొంతకాలం ఆపింది. నిరుడు ఫోను చేసినవాడు దొంగ, అంతే. దానికీ సాయానికీ ముడి పెట్టకండి. నిజంగా భయపడవలసింది విపత్తు రుణాల గురించి. లాభాపేక్ష లేని సంస్థలకు 2.75 శాతం వడ్డీకి ముప్పై ఏళ్ళ అప్పు ఇచ్చారు. దానికి మాఫీ లేదు. కొన్ని కమిటీలు దాన్నీ మాఫీ అయ్యేదే అనుకుని తీసుకుని ఇప్పుడు కడుతున్నాయి.

కోశాధికారి:

సరే, ముసాయిదా ఇలా మార్చాను. మాఫీ అయ్యే సాయం అయితేనే తీసుకోవాలి. పూర్తిగా జీతాలకే పెట్టాలి. ఎంత వచ్చింది, ఎవరికి ఇచ్చాం అన్నది గుడి నోటీసు బోర్డు మీద అతికించాలి. అంతకంటే ముందు వంటశాల వాళ్ళు, దండలు కట్టేవాళ్ళు జీతాల పట్టీలోకి రావాలి. వచ్చే నెల జనరల్ బాడీలో పెడతాను.

పడమటిగాలి:

మొదటి మూడింటికి నా ఓటు లేదు. నాలుగోది విడి తీర్మానంగా పెట్టండి, నేనే ప్రతిపాదిస్తాను. అన్నీ కలిపి ఒక్కటిగా పెడితే దాన్నీ ఓడిస్తాను.

కోశాధికారి:

విడిగానే పెడతాను. మాస్టారు గారూ, దానికి మా మీద పడే భారమెంత?

లెక్కలమాస్టారు:

సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద యజమాని వాటా జీతంలో 7.65 శాతం. మత గురువులుగా లెక్కకు వచ్చే పూజారులకు ఇది వర్తించదు, వారు సొంతంగా కట్టుకోవాలి. మీది 501(సి)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న ధార్మిక సంస్థ, కనుక ఫెడరల్ నిరుద్యోగ పన్ను ఉండదు. ఒహాయోలో పని ప్రమాద బీమా రాష్ట్రానికే కట్టాలి, దాని రేటు ముందుగా కనుక్కోండి. దండలు కట్టే దంపతులు మరో గుడికి కూడా కడుతూ ఉంటే వారు నిజంగానే కాంట్రాక్టర్లు కావచ్చు. పట్టీలో చేర్చే ముందు వారినే ఒకసారి అడగండి.