కాలనీ సంఘం రుసుములో జింజా పండుగ డబ్బు: కట్టాలా, వద్దా?

రవి_కోతో: టోక్యోలో మా చోనైకై, అంటే కాలనీ సంఘం, రుసుములోనే జింజా, అంటే షింతో మతపు గుడి, పండుగ ఖర్చు కూడా కలిపి వసూలు చేస్తోంది. నేను కట్టను. 2002లో తోసు నగరం కేసులో సాగా జిల్లా కోర్టు ఇలా కలిపి కట్టించడం చట్టవిరుద్ధం అని తేల్చింది.

పద్మజ: వినాయక చవితి చందాకి ఎప్పుడైనా కోర్టు తీర్పులు చూశామా రవి గారూ? మా పాప పండుగకి వేసుకునే హప్పి కోటు తొడుక్కుని, పిల్లల మికోషి, అంటే దేవుడి పల్లకి, తాడు పట్టుకుని "వస్షోయ్" అని అరుస్తూ వీధంతా తిరిగింది. దారిలో ముసలమ్మలు బార్లీ టీ పోశారు. ఇందులో మతం ఎక్కడుంది? 1977లో సు నగరం కేసులో భూమిపూజ లోకాచారమేనని జపాన్ సుప్రీంకోర్టే అంది.

రవి_కోతో: అది నగరం పెట్టిన ఖర్చు గురించి. నా జేబు గురించి కాదు. పైగా 2010లో సునగావా నగరం జింజాకి స్థలం ఉచితంగా ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమని అన్నదీ ఆ కోర్టే. యుద్ధానికి ముందు జింజాలకు ప్రభుత్వం అండ ఉండేది, 1945 డిసెంబరులో దాన్ని తీసేశారు. మతకార్యంలో ఎవరినీ బలవంతంగా చేర్చకూడదని జపాన్ రాజ్యాంగం 20వ అధికరణం చెబుతోంది. విడిగా రాసిన రశీదు ఇమ్మంటే నవ్వి ఊరుకున్నారు.

శ్రీను: ఎంత డబ్బండీ అసలు?

రవి_కోతో: ఎంతన్నది కాదు ప్రశ్న.

శ్రీను: పల్లెల్లో ఒక్క పూజారి చాలా జింజాలు చూసుకుంటాడు. మేమున్న చోట ఆకులు ఊడ్చేది పెద్దవాళ్లే. మనమూ ఇవ్వకపోతే ఆ పండుగ ఆగిపోతుంది.

పద్మజ: మన చవితికి అక్కడివాళ్లు వచ్చి లడ్డూ తింటే సంతోషం, వాళ్ల పండుగకి మాత్రం రాజ్యాంగమా? ఇలా ఉంటే మనల్ని ఎవరు కలుపుకుంటారండీ?

రవి_కోతో: కలుపుకోవడమా? అన్నేళ్లూ అడిగినంతా కట్టాను. కిందటి పండుగకి మికోషి మోస్తానని వెళ్తే హప్పి కోటు ఇవ్వలేదు. "మీకు కష్టం, పక్కన నిలబడి ఫొటోలు తీసుకోండి" అన్నారు. మా అబ్బాయి పక్కనే ఉన్నాడు. డబ్బు తీసుకునేటప్పుడు నేను కాలనీవాణ్ని, భుజం పెడతానంటే బయటివాణ్నా?

పద్మజ: ఈ మాట మొదటే చెప్పాల్సింది. అయినా నా మాట మారదు. మానేస్తే వచ్చే ఏడు మీ అబ్బాయినీ పిలవరు.

కార్తీక్: టోక్యోలోనే ఫుకగావాలో మూడేళ్లకోసారి జరిగే పెద్ద పండుగలో ఒక్కో చోనైకై తన మికోషితో వస్తుంది, జనం నీళ్లు గుమ్మరిస్తుంటారు. మీ దగ్గరా అంతే అయితే, రుసుము కట్టిన సభ్యుడిగా అడిగే హక్కు మీకుంది. మీరు అడగాల్సింది రశీదు కాదు, కోటు.

రవి_కోతో: రెండూ అడుగుతాను. ఇచ్చేదాకా మాత్రం కట్టను.